బార్బీ మేడ్ టు మూవ్: 22 కీళ్లలో నిజంగా పనిచేసేవి ఏవి?

బార్బీ మేడ్ టు మూవ్ బొమ్మకు 22 కీళ్లున్నాయని మాటెల్ కంపెనీ లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. వంగే చోటునూ తిరిగే చోటునూ వేర్వేరు కీళ్లుగా చూపిస్తే అంత సంఖ్య వస్తుంది. కానీ ఆ సంఖ్య చూసి మురిసిపోయి కొంటే మొదటి రోజే మొహం వాడిపోతుంది. ఎందుకంటే కొత్తవాళ్లు ముందుగా పరీక్షించేది చీలమండల్నే. బొమ్మను బల్ల మీద నిలబెడతారు, అది బోర్లా పడుతుంది, ఇన్ని కీళ్లుండీ నిలబడదా అనుకుంటారు. నిలబడదు. దీని గొప్పతనమంతా మోచేతిలో, తొడ మధ్యలో, రొమ్ము కింద ఉన్న కీలులో ఉంది. ఆ మూడింటి కోసమైతే ఈ ధర బొమ్మల్లో దీనికి సాటొచ్చేది దొరకడం కష్టం.

మొదటి బార్బీ 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బయటికొచ్చినప్పుడు మెడ, రెండు భుజాలు, రెండు తుంటులు తప్ప ఏదీ కదిలేది కాదు. 1965లో మోకాలు వంగే కాళ్లొచ్చాయి. 1967లో నడుము తిరిగింది. 1970లో లివింగ్ బార్బీ పేరుతో మోచేతులూ చీలమండలూ కూడా కదిలాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు మాటెల్ ఎక్కువగా కదలని ఒళ్లతోనే నెట్టుకొచ్చింది. బట్టలు బాగా అమరాలంటే ఒళ్లు నున్నగా ఉండాలి, కీలుంటే గీత కనిపిస్తుంది. ఫ్యాషన్ బొమ్మల్లో ఎప్పటికీ తెగని పేచీ ఇది. 2009 నాటి ఫ్యాషనిస్టాస్ అనే బార్బీ వరసకు కీళ్లు పెట్టారు గానీ, 2015లో వచ్చిన మేడ్ టు మూవ్ మాత్రం మొహమాటం లేకుండా కీళ్ల పక్షాన చేరింది. మోచేతి దగ్గర, తొడ మధ్యన, మోకాలి దగ్గర అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి. అవి కంటికి ఆనకూడదనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

తొడ, మోచేయి, రొమ్ము కింద కీలు

ముందు తొడ సంగతి. మామూలు బొమ్మకు కాలు మొదట్లో తుంటి కీలు ఒక్కటే. కాలు ముందుకొస్తుంది, కొద్దిగా పక్కకి జరుగుతుంది. మోకాలు ఎటు చూస్తుందో మాత్రం మన చేతిలో ఉండదు. మఠం వేసుకుని కూర్చోవాలన్నా, కాలు మీద కాలు వేసుకోవాలన్నా మోకాలు బయటికో లోపలికో తిరగాలి కదా. మేడ్ టు మూవ్‌కి తొడ మధ్యలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. అక్కడి నుంచి కింది భాగం గుండ్రంగా తిరుగుతుంది. మొదటి విడత బొమ్మలు యోగా దుస్తుల్లో రావడానికి కారణం ఇదే. పద్మాసనం లాంటి భంగిమ ఈ ఒక్క గీత మీద నిలిచి ఉంది.

భంగిమ పెట్టడానికో వరస ఉంది. మొదట తుంటి వంచి కాలు ముందుకు తేవాలి. తర్వాత మోకాలికి కాస్త పైన, గీత కింది భాగాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బయటికి తిప్పాలి. మోకాలు చివర్లో మడవాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు. మోకాలు ముందే మడిచేసి, పిక్క పట్టుకుని తొడను తిప్పుతారు. పిక్క అప్పుడు పానా పిడిలా పనిచేస్తుంది. మెలిపెట్టిన బలమంతా మోకాలి పిన్ను మీద పడుతుంది, అది వంగడం కోసం పెట్టిన పిన్నే గానీ మెలి తట్టుకోవడం కోసం కాదు. కొన్ని నెలలు తిరక్కముందే మోకాలు పక్కలకి ఊగడం మొదలైందంటే కారణం ఈ అలవాటేనని అనుమానించాలి.

మోకాలు మడత మాత్రం చాలా లోతుగా వస్తుంది. పిక్క వెళ్లి తొడ వెనక్కి ఆనుకోవడానికి దగ్గరవుతుంది, కాబట్టి మోకరిల్లడం, గొంతుక్కూర్చోవడం రెండూ సాధ్యమే. మడిచినప్పుడు మోకాలి ముందు భాగం చదునుగా, యంత్రంలా కనిపిస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఆ వైపుకి నీడ పడేలా చూసుకుంటే సరిపోతుంది.

మోచేయి గురించి ఒక్క ముక్క చాలు: చెంప మీద చెయ్యి పెట్టుకోగలదు. కొంచెం కూడా వంగని చేతులతో ఏళ్లు గడిపినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మోచేతి పైన కూడా తిరిగే చోటుంది కాబట్టి అరచెయ్యి లోపలికీ బయటికీ తిరుగుతుంది. నడుమ్మీద చెయ్యి పెట్టించాలంటే భుజాన్ని పక్కకి ఎత్తి, పై చేతిని లోపలికి తిప్పి, మోచేతిని 90 డిగ్రీలకు వంచి, మణికట్టును వెనక్కి వంచాలి. ఈ నాలుగూ చేశాకే వేళ్లు నడుముకి ఆనతాయి. మణికట్టు మరిచిపోతే చెయ్యి గాల్లో తేలుతూ, ఎవరినో దూరంగా ఉండమన్నట్టు కనిపిస్తుంది.

రొమ్ము కింద కీలు ఇటూ అటూ వాలుతుంది, ముందుకి వంగుతుంది, వెనక్కి వాలుతుంది, తిరుగుతుంది. నిలుచున్న మనిషి ఒక కాలి మీద బరువు వేస్తే తుంటి ఒక వైపు ఎత్తుగా లేస్తుంది, భుజాలు దానికి ఎదురుగా వాలతాయి, తల మళ్లీ మొదటి వైపుకి వస్తుంది. శిల్పుల త్రిభంగి ఇదే. మేడ్ టు మూవ్‌లో తుంటి భాగం అచ్చుపోసిన ముక్క, అది వాలదు. కాబట్టి ఒక మోకాలు కాస్త వంచి తుంటి వాలినట్టు భ్రమ కలిగించి, మిగతా రెండు వంపుల్ని రొమ్ము కింద కీలుతోనూ మెడతోనూ తేవాలి. ఒక్కో కీలూ 5 నుంచి 10 డిగ్రీలు కదిపితే చాలు. కీలు ఎంత వంగుతుందో అంతా వంచేయడం కొత్తవాళ్ల జబ్బు. బొమ్మ అప్పుడు మెట్ల మీద నుంచి జారినట్టుంటుంది.

మెడ కిందికీ పైకీ పక్కకీ వాలుతుంది. జుట్టు మరీ ఒత్తుగా, నడుం దాకా ఉన్న బొమ్మల్లో ఆ జుట్టే వీపుకి ఆని తలను ముందుకు తోస్తుంది. అది కీలు లోపం కాదు. జుట్టును రెండు పాయలు చేసి భుజాల మీద నుంచి ముందుకు వేస్తే తల సర్దుకుంటుంది.

ఇక చీలమండ. పాదం బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, దాని మీద 29 సెంటీమీటర్ల ఒళ్లు. పైన బరువు రవ్వంత పక్కకి జరిగినా దాన్ని నిలబెట్టాల్సింది చీలమండలోని ఆ చిన్న రాపిడే. బొమ్మలో అన్నిటికంటే చిన్న కీలుకి అన్నిటికంటే పెద్ద పని. గట్టిగా ఉన్న కొత్త బొమ్మ చదునైన గచ్చు మీద, చదును చెప్పులతో, రెండు పాదాలూ ఎడంగా పెడితే కొంతసేపు నిలబడొచ్చు. పక్కనుంచి ఎవరైనా నడిస్తే పడిపోతుంది. ఈ కీలు అసలు ఉపయోగం కూర్చున్నప్పుడు, మోకరిల్లినప్పుడు, గాల్లోకి గెంతినట్టు చూపించేటప్పుడు పాదం చచ్చుబడినట్టు లేకుండా చేయడం. ఆ మాత్రానికి బాగానే పనికొస్తుంది.

పెట్టె విప్పగానే

తల వెనక పారదర్శకమైన ప్లాస్టిక్ తంతులు తలలోంచి అట్టకి గుచ్చి ఉంటాయి. వాటిని లాగకండి. లాగితే తలను చేసిన మెత్తని ప్లాస్టిక్‌లో, అంటే వినైల్‌లో, రంధ్రం సాగి, పక్కనున్న జుట్టు కుదుళ్లు కూడా ఊడొస్తాయి. చిన్న కత్తెరతో తలకి ఆనించి కత్తిరిస్తే మిగిలిన ముక్క లోపలికి పోతుంది, దానివల్ల హాని లేదు. జుట్టుకి వేసిన సన్నటి రబ్బరు బ్యాండ్లు కూడా అదే రోజు తీసేయాలి. వదిలేస్తే ఏళ్ల తరబడి ఎండి జుట్టుకి అతుక్కుపోతాయి.

తర్వాత కీళ్ల పరీక్ష. బొమ్మను నడుం దగ్గర పట్టుకుని ఒక్కో కాలినీ నేలకి సమాంతరంగా చాపాలి. కాలు అలాగే ఆగితే తుంటి బాగున్నట్టు. మెల్లగా దిగిపోతుంటే కీలు వదులు. అదే కాలికి మోకాలు 90 డిగ్రీలు వంచి బొమ్మను తలకిందులు చేసి చూడాలి, పిక్క వేలాడిపోకూడదు. చేతులు రెండూ పక్కలకి చాపి, ఒకటి ముందు దిగుతోందేమో గమనించాలి. ఎడమకీ కుడికీ తేడా ఉండడమే అసలు తలనొప్పి. రెండూ ఒకేలా వదులైతే భంగిమ సర్దుకోవచ్చు, ఒకటి బిగువు ఒకటి వదులు అయితే ప్రతి ఫొటోలోనూ ఒకే వైపు ఆసరా వెతుక్కోవాలి. ఒకే అచ్చులోంచి వచ్చినా బొమ్మకీ బొమ్మకీ బిగువు మారుతుంది. ఈ కీళ్లలో పళ్లూ గాట్లూ లేవు, రెండు ముక్కల మధ్య రాపిడి ఒక్కటే పట్టి ఉంచుతుంది కాబట్టి వెంట్రుకంత తేడా చాలు.

గదిలో చలి ఎక్కువున్నప్పుడు కొత్త కీలు మొరాయిస్తే బలవంతం చేయకూడదు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి అర నిమిషం కదుపుతూ ఊదితే సరి. వంటనూనె, వాజిలిన్ లాంటివి వద్దు. కొన్నాళ్లకి జిగటగా మారి దుమ్మంతా అక్కడే చేరుతుంది.

ఒళ్లు కోసం కొనేవాళ్లు

నిజం చెప్పాలంటే పెద్దవాళ్లలో ఈ బొమ్మ కొనేవాళ్లు చాలామంది ముఖం కోసం కొనరు. తమ దగ్గరున్న, ముఖం అందంగా ఉండి చేతులు కర్రల్లా ఉన్న బొమ్మకి ఈ ఒళ్లు తగిలించడానికి కొంటారు. సంగ్రాహకులు దీన్నే రీబాడీ అంటారు. మేడ్ టు మూవ్‌కి అంత పేరు రావడానికి సగం కారణం ఇదే, కాబట్టి దీన్ని వివరంగా చెప్పుకోవాలి.

తల మెత్తని వినైల్. మెడ గట్టి ప్లాస్టిక్, దాని కొసన గుబ్బ. తల అడుగున ఉన్న రంధ్రం గుబ్బ కంటే చిన్నది, అందుకే తల ఊడిపోదు. వేడి చేస్తే వినైల్ మెత్తబడి రంధ్రం సాగుతుంది, గట్టి ప్లాస్టిక్ ఆ వేడికి చలించదు. కిటుకంతా ఇంతే. జుట్టు పైకి చుట్టి క్లిప్పు పెట్టండి. 60 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో తలను మెడ దాకా 2, 3 నిమిషాలు ముంచండి. సలసల కాగుతున్న నీళ్లు అక్కర్లేదు. జుట్టు తడవకూడదనుకుంటే హెయిర్ డ్రయ్యర్‌ని 10 సెంటీమీటర్ల దూరం నుంచి దవడ కింద, మెడ చుట్టూ కదుపుతూ ఊదండి. జుట్టు మీద వేడి గాలి నిలకడగా పడితే పోగులు ముడుచుకుపోతాయి, మళ్లీ తిన్నగా రావు.

చెంపలు నొక్కి చూస్తే తల రబ్బరు బంతిలా లోపలికి పోవాలి. అప్పుడే తీయడం మొదలుపెట్టాలి. తలను వెనక్కి వాల్చి, గడ్డం కింద రంధ్రం అంచును గుబ్బ మీదుగా ముందు జార్చాలి, తర్వాత వెనక అంచు దానంతటదే వస్తుంది. తిన్నగా పైకి లాగడం, సీసా మూతలా తిప్పడం రెండూ మెడ విరిచే పద్ధతులే. చల్లటి తలను పక్కకి వంచి లాగితే గుబ్బ ఠక్కుమని తెగి తలలోనే ఉండిపోతుంది. ఎక్కించేటప్పుడు కొత్త తలను మళ్లీ వేడి చేసి, ఒక అంచు ముందు తొడిగి, బొటనవేలితో రెండో అంచును లోపలికి నెట్టాలి. చల్లారాక గానీ తల తిప్పి చూడకండి. నీళ్లు వాడి ఉంటే, ఎక్కించే ముందే తలలోని నీళ్లన్నీ కారిపోయేలా రంధ్రం కిందికి పెట్టి ఒక రోజంతా ఆరబెట్టాలి. తడి లోపల మిగిలితే బూజు పడుతుంది.

వేరే కంపెనీ తలకి రంధ్రం పెద్దదైతే మెడ మీద తల గిలకలా ఊగుతుంది. గుబ్బ కింద సన్నటి టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుడితే ఊగదు. రంధ్రం చిన్నదైతే ఇంకాస్త వేడి చేయాలే గానీ కత్తి పట్టుకోకూడదు. కోసిన రంధ్రం మళ్లీ చిన్నదవదు.

అసలు ఇబ్బంది రంగు. ఒకే పేరున్న చర్మపు రంగు కూడా వినైల్ తల మీద ఒకలా, గట్టి ప్లాస్టిక్ ఒంటి మీద ఒకలా కనిపిస్తుంది. వినైల్ వెలుగును కాస్త లోపలికి పీల్చుకుని మెత్తగా కనిపిస్తుంది, గట్టి ప్లాస్టిక్ తళుక్కుమంటుంది. బల్బు వెలుగులో సరిపోయిన జోడీ ఫ్లాష్ వేయగానే రెండు ముక్కలుగా విడిపోతుంది. అందుకే పోల్చి చూడాల్సింది పగటి వెలుగులో, కిటికీ దగ్గర, అదీ గొంతు కింద ఛాతీతో. చేతితో పోల్చి మోసపోతుంటారు. కొద్దిపాటి తేడా ఉంటే సాఫ్ట్ పాస్టెల్ పొడి అద్ది, పైన మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేసి కొంత దాచొచ్చు గానీ కీలు కదిలే చోట అది రాలిపోతుంది. మెడ చుట్టూ పట్టీ కట్టేయడం సులువైన దొంగదారి. ఫ్యాషన్ బొమ్మ కదా, ఎవరూ అడగరు.

ఒంటి కొలతలు కూడా చూసుకోవాలి. 2016లో ఫ్యాషనిస్టాస్‌లోకి పొడుగు, పొట్టి, బొద్దు రకాలు వచ్చాయి. మేడ్ టు మూవ్‌లో తర్వాత బొద్దు ఒళ్లు కూడా చేశారు. 2021లో మొదలైన బార్బీ లుక్స్ వరసలో మామూలు ఒళ్లతో పాటు పొడుగు, పొట్టి, బొద్దు ఒళ్లు కూడా కీళ్లతోనే వచ్చాయి. రీబాడీ కోసం వెతికేవాళ్లకి లుక్స్ వరస నిధి లాంటిది, చర్మపు రంగుల్లో రకాలు కూడా ఎక్కువ. యోగా బొమ్మల్లో బట్టలు సాదా, కొన్నిటికి ముఖం కూడా సాదా. ముఖాన్నీ కలిపి కొనుక్కునేవాళ్లు లుక్స్ వైపు చూడడమే మేలు.

వదులైన కీలు, కరిగిన మెడ

వాడేకొద్దీ మోకాళ్లు, తుంటి, చీలమండలు ముందు వదులవుతాయి. మందు రాపిడి పెంచడమే. కాగితాలంటించే తెల్ల జిగురుని పుల్ల కొసన తీసుకుని కీలు సందులో పూసి, వెంటనే కీలుని పది పదిహేను సార్లు ఆడించి, తిన్నగా పెట్టి 24 గంటలు వదిలేయండి. లోపల పలచటి పొర ఏర్పడి కీలు బిగుస్తుంది. చాలకపోతే ఇంకో పొర. నచ్చకపోతే గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే ఊడొస్తుంది. వెనక్కి తిరిగే దారి ఉండడమే దీని విలువ. నీళ్లతో చేసిన అక్రిలిక్ వార్నిష్ కూడా ఇలాగే పనిచేస్తుంది, కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది.

సూపర్ గ్లూ ఇంకా గట్టి పొర ఇస్తుందని కొందరు దాన్నే వాడతారు. క్షణం ఏమరిస్తే కీలు శాశ్వతంగా అతుక్కుపోతుంది. అతుక్కోకపోయినా ఆవిరి తగిలిన చోట ప్లాస్టిక్ మీద తెల్లటి మసక పడుతుంది. రంగులేని నెయిల్ పాలిష్ సలహా కూడా తరచూ వినిపిస్తుంది. అందులోని ద్రావకాలు గట్టి ప్లాస్టిక్‌ని కొరుకుతాయి. రెండూ వద్దు.

ద్రావకాల మాట వచ్చింది కాబట్టి: పాత రంగు తుడిచి ముఖం కొత్తగా వేసుకునేవాళ్లు అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ వాడతారు. వినైల్ ముఖం మీద దూదితో త్వరత్వరగా తుడిస్తే రంగు పోతుంది, ముఖం నిలుస్తుంది. అదే చుక్క ఏబీఎస్ లాంటి గట్టి ప్లాస్టిక్ మీద పడితే ఉపరితలం కరిగి, వేలిముద్ర పడేంత మెత్తబడి, ఆరాక గరుకుగా మచ్చ మిగులుతుంది. అందుకే ముఖం పని ఎప్పుడూ తల తీసేశాకే. తల ఒంటి మీదుండగా మెడకి గుడ్డ చుట్టుకుని చేస్తే సరిపోతుందనుకోవద్దు, గుడ్డ అసిటోన్‌ని పీల్చి మెడకే అద్దుతుంది.

బట్టలు, బూట్లు, మరకలు

పాత కాలపు బార్బీ నడుం మరీ సన్నం. దానికి కుట్టిన బిగుతు గౌన్లు ఈ ఒంటికి వెనక బొత్తాం పడవు. సాగే గుడ్డతో కుట్టినవి ఇబ్బంది లేకుండా పడతాయి. కొత్తగా కుట్టేవాళ్లు మోచేతి చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు వదులు ఉంచాలి, లేకపోతే చెయ్యి మడిచినప్పుడు గుడ్డ కీలు సందులో ఇరుక్కుంటుంది. మాన్‌స్టర్ హై బొమ్మలకి చేతులు ఊడదీసి బట్టలు వేయొచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, చెయ్యి లాగితే మణికట్టు పాడవుతుంది. చిన్న ప్లాస్టిక్ సంచి ముక్కను వేళ్లకి చుట్టి చేతిని పోనిస్తే లేసు గుడ్డ కూడా వేళ్లకి తగులుకోకుండా జారిపోతుంది.

బూట్ల విషయంలో నమూనా పెట్టి చూడకుండా కొనొద్దు. ఎత్తు మడమల కోసం వంచి అచ్చుపోసిన పాత పాదం వేరు, కీలు దగ్గర వంగే ఈ పాదం వేరు. పాదాన్ని ఎంత కిందికి వంచినా అరికాలు వంపు తిరగదు, కాబట్టి పాత ఎత్తు చెప్పుల్లో కొన్ని మడమ దగ్గర ఊడొస్తాయి.

ముదురు ఎరుపు, నలుపు, నేవీ రంగు గుడ్డలు ఒంటి మీద వారాలుంటే రంగు దిగుతుంది. కొత్త బట్టని తెల్ల గుడ్డ మీద తడిపి నొక్కి చూడండి, రంగు అంటితే అది ఒంటికీ అంటుతుంది. లోపల తెల్లటి లైనింగ్ వేయడం ఒక్కటే నమ్మదగ్గ కాపుదల. మరక పడ్డాక 10 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న మొటిమల క్రీమ్‌ని మరక మీద మందంగా పూసి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి, వెలుగు తగిలేచోట పెట్టాలి. కొన్ని గంటలకోసారి చూస్తూ ఉండాలి, మొండి మరకకి రోజులు పట్టొచ్చు. ఇది వినైల్ మీద బాగా పనిచేస్తుంది, గట్టి ప్లాస్టిక్ మీద నత్తనడకే. మోతాదు దాటితే మరకతో పాటు ఒంటి రంగూ తెల్లబోతుంది. రంగు వేసిన ముఖానికీ జుట్టుకీ బట్టకీ తగలనివ్వకండి.

పక్కవాళ్లతో పోలిస్తే

ఇంటెగ్రిటీ టాయ్స్ బొమ్మలు, అంటే ఫ్యాషన్ డిజైనర్ జేసన్ వూ 2001లో మొదలుపెట్టిన ఫ్యాషన్ రాయల్టీ, ఆ తర్వాత పాపీ పార్కర్ లాంటివి, కుట్టుపనిలోనూ ముఖంలోనూ ఎన్నో మెట్లు పైన. చేతులు మార్చుకోవచ్చు. కానీ ధర చాలా రెట్లు, తయారీ పరిమితం. బట్టలేసి ఊరికే నిలబెట్టడానికి అవి, ఆడించడానికి ఇది. జపాన్ మొమోకో 27 సెంటీమీటర్ల సన్నటి ఒళ్లు, భంగిమలో నాజూకుతనం దానిదే, బార్బీ బట్టలు మాత్రం దాని ఒంటి మీద వేలాడతాయి. ఓబిట్సు అనే జపాన్ కంపెనీ 27 సెంటీమీటర్ల ఒళ్లలో కొన్నిటికి పాదాల్లో అయస్కాంతాలుంటాయి, ఇనుప పలక మీద నిజంగానే నిలబడతాయి. చీలమండ బాధ పడలేనివాళ్లకి అదే దారి. రబ్బరు తాడు మీద ముక్కలన్నీ కూర్చిన వోక్స్ సూపర్ డాల్ఫీ లాంటి రెజిన్ బొమ్మలు 1999 నుంచి ఉన్నాయి. పరిమాణం, ధర, పోషణ అన్నీ వేరు, వాటిని దీనితో తూచడం అర్థం లేని పని.

స్టాండు లేకుండా మేడ్ టు మూవ్ కొనొద్దు. నడుం పట్టుకునే కొక్కెం స్టాండు బట్టను నలిపి, పైన రొమ్ము కింద కీలుకి అడ్డం పడుతుంది. కాళ్ల మధ్య నుంచి ఆసరా ఇచ్చే యు ఆకారపు స్టాండు గౌను కింద కనిపించదు, పైన కీళ్లన్నీ స్వేచ్ఛగా ఉంటాయి. ప్యాంటు వేసిన బొమ్మకి మాత్రం నడుం స్టాండే గతి. తీగ స్టాండు తీసుకుంటే ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూడాలి, తుప్పు మరక ఆ మొటిమల క్రీమ్‌తో పోదు.

దాచిపెట్టేటప్పుడు కీళ్లన్నీ తిన్నగా, చేతులు కిందికి ఉండాలి. నెలల తరబడి మోకాళ్లు మడిచి ఉంచితే ఆ ఒత్తిడికి కీలు అలాగే అరుగుతుంది. మెత్తని పీవీసీ సంచుల్లో పెట్టకండి, అందులోని మెత్తబరిచే నూనె బయటికొచ్చి ఒంటిని జిడ్డు చేస్తుంది. పాలీప్రొపిలీన్ డబ్బాలో ఆమ్లరహిత టిష్యూ కాగితం చుట్టి, ఎండకి దూరంగా పెట్టాలి. మెత్తని వినైల్ బూట్లు బొమ్మ కాళ్లకి తగిలించి వదిలేయకుండా, విడిగా వేరే డబ్బాలో వేయండి.